హాస్టల్ వరండాలో అవ్వ

నేను పనిచేసే గూడెంలో అవ్వ మొన్న పొద్దున కన్నుమూసింది. నాలుగు రోజులు జ్వరం. దవాఖానకు తీసుకుపోదామని జీపు తెచ్చేసరికే అయిపోయింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలో ఆ చెంచుగూడెం దాటి ఆమె పెద్దగా ఎక్కడికీ పోలేదు. పాన్‌గల్ నుంచి అక్కడికి అంగన్‌వాడీ టీచరుగా వెళ్లిన నాకు మాత్రం, ఆమె లేని గూడెంలోకి అడుగు పెట్టబుద్ధి కావడం లేదు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆమె మనవరాలు, నాలుగేళ్ల పిల్ల, గుడిసె ముందు కత్తితో అడవి గడ్డ చెక్కు తీస్తోంది. పరుగున వెళ్లి కత్తి లాక్కోబోయాను.

"ఉండనీ టీచరమ్మా. నేను జూస్తున్న గద," అంది అవ్వ.

నిజంగానే చూస్తోంది. పిల్ల చేతి మీది నుంచి చూపు తిప్పలేదు. నాకు మాత్రం ఆ కత్తి తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

ఆ పిల్ల తల్లి కాన్పులోనే పోయింది. అవ్వకు కన్నబిడ్డలు ఒక్కరూ మిగల్లేదు. అయినా బతుకు మీద విసుగు మాట ఆమె నోట నేను వినలేదు. తేనె దొరికితే మొదటి ముక్క ఎదురొచ్చిన పిల్లలదే, ఎవరి పిల్లలైనా సరే. అడవిలో గడ్డ తవ్వితే తల భాగాన్ని మళ్లీ మొలిచేలా మట్టిలో పూడ్చేది. "మల్ల వచ్చేటోళ్లు తినొద్దా?" అనేది.

బడి ఈడు రాగానే పిల్లను హాస్టల్లో చేర్చాం. వారం తిరక్కుండానే పారిపోయి వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "రెండు తగిలించి పంపు అవ్వా," అన్నాను.

"కొడితే బడికైతే పోతది. రేపు కష్టమొస్తే నాకు జెప్పదు," అంది.

తనే వెంటబెట్టుకుని వెళ్లింది. కొన్నాళ్లు పగలు హాస్టల్ వరండాలో కూర్చుంది, రాత్రి అక్కడే పడుకుంది. వార్డెన్ విసుక్కున్నా కదల్లేదు. చివరికి ఒకరోజు ఒక్కతే తిరిగొచ్చింది.

"పిల్లనే 'ఇగ నువ్వు పో అవ్వా' అన్నది టీచరమ్మా!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

అవ్వను మట్టి చేశాక, కబురంది వచ్చిన పిల్ల తనే సంచి సర్దుకుంది. హాస్టల్‌కు నేను తీసుకుపోయాను. గేటు దగ్గర నా చెయ్యి వదల్లేదు.

"టీచర్, జర సేపు కూసోని పోతవా?"

వరండాలో కూర్చున్నాను. లోపల పాఠం మొదలైంది. పిల్ల మాటిమాటికీ తల తిప్పి కిటికీలోంచి నన్ను చూస్తోంది. రోడ్డు మీద నేను ఎక్కాల్సిన మా ఊరి బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు.