చలిగదిలో నారు

విత్తనాల పరిశోధనశాలలో చలిగది చూసుకునే ఆవిడని అందరూ పెద్దమ్మా అంటారు. పొద్దున్నే రెండు స్వెట్టర్లు తొడుక్కుని లోపలికెళ్లి, చలిని తట్టుకునేలా చేసే మందునీళ్లలో నానిన వడ్ల మొలకల్నీ, మామూలు నీళ్లలో నానినవాటినీ స్కేలుతో కొలుస్తుంది. వాలిన మొలకని పసిబిడ్డ గడ్డం ఎత్తినట్టు చిటికెనవేలితో ఎత్తి మరీ కొలుస్తుంది. ఈసారి మందు పట్టిన నారు చలిని లెక్కచేయకుండా రెట్టింపు పెరిగింది. మూడేళ్లుగా ఆ మందుమీదే పరిశోధన చేస్తున్న మేడం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "పెద్దమ్మా, మన పంట పండింది!" అంది. పెద్దమ్మ తలుపు వైపు చూపించింది. "మందు నారున్న ట్రే తలుపు పక్కనుందమ్మా. తలుపు తీసినప్పుడల్లా వెచ్చటి గాలి దానికే తగిలింది." మేడం ముఖం వాడిపోయింది. అయినా వడ్లు మళ్లీ నానబోసింది. ఈసారి పెద్దమ్మ రోజూ ట్రేల చోట్లు మార్చింది. మూడు వారాలకి మందు నారే ముందుంది గానీ, తేడా గోరంత. "ఇంతేనా!" అని మేడం నిట్టూర్చింది. "గోరంతయినా దాని సొంత బలమమ్మా" అంది పెద్దమ్మ.