ఏడో నంబరు సైకిలు తెచ్చిన కబురు

చేపలకు స్ట్రాబెర్రీ అంటే ఇష్టమని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. కామారెడ్డిలో గాలాలూ దారాలూ అమ్మే దుకాణానికి పోయి ఎర అడిగితే, గులాబీ రంగు పొడి ఉన్న పొట్లం ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి విప్పితే వంటిల్లంతా చాక్లెట్ల వాసన. మా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో ఎర అంటే తడిమట్టి డబ్బాలో మెసిలే ఎర్రలు, లేకుంటే తొలకరికి పుట్టల్లోంచి రెక్కలతో లేచే ఉసిళ్లు. ఆ డబ్బా మూత తీస్తే మా అవ్వ, అంటే మా అమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా బాపును ఏడు తరాల దాకా తిట్టేది. ఈ స్ట్రాబెర్రీని ఏమని తిట్టాలో నాకు తెలియలేదు. ఎర సంగతి పోనీ, ఈ వారం చేపలు ఎక్కడ పడుతున్నాయయ్యా అని దుకాణదారును అడిగితే, "ఫోన్ల అన్నీ ఉన్నయ్ గదమ్మా, కొట్టి చూడుండ్రి" అన్నాడు.

కొట్టి చూశాను. రెండు రోజులు అదే పని. "ఈరోజు చేపల జాతర" అని పేరు పెట్టిన వీడియో ఒకటి దొరికితే సంబరపడ్డాను కానీ, కింద చూస్తే అది మూడేళ్ల నాటిది. దానికింద నలభైమంది "అన్నా, ప్లేస్ ఎక్కడ?" అని అడిగారు, అన్న ఒక్కరికీ జవాబివ్వకుండా అందరికీ దండాలు పెట్టాడు. ఇంకొకాయన పొడుగాటి బొచ్చె చేపను పట్టుకుని నవ్వుతున్నాడు, వెనకాల కొబ్బరిచెట్లు. మన దిక్కు అన్ని కొబ్బరిచెట్లు ఏ చెరువు గట్టున ఉన్నాయో ఆయనే చెప్పాలి. గాలం వేసేవాళ్ల వాట్సాప్ గుంపులో చేరితే తెల్లారకముందే ముప్పై శుభోదయాలు, ఒక ప్లాటు అమ్మకం. వాన సంగతి చూద్దామంటే, కామారెడ్డిలో భారీ వర్షం కురుస్తోందని ఫోను చెబుతుంటే నేను డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్నాను. చివరికి మహమ్మద్‌నగర్‌లో ఉన్న మా మరదలికి ఫోన్ చేశాను. "చేపలకు గంత దూరం ఎందుకొదినా, మీ మార్కెట్ల దొరకయా?" అంది. దొరకవని ఎవరన్నారు తల్లీ?

నాకు కావలసింది చేప కాదు. ఆదివారం నీళ్ల ఒడ్డున కూర్చుని, గాలం కర్ర నా చేత్తో నేను పట్టుకోవాలనుకున్నాను. అప్పటివరకు ఎన్నడూ పట్టుకోలేదు. ఒకప్పుడు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఏ నీళ్లలో చేప కదులుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరని చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి, ఆ సంగతి మొదటినుంచి చెబుతాను.

మా బాపుకు ఎల్లారెడ్డిలో సైకిల్ టాక్సీ ఉండేది. ఈ కాలం పిల్లలకు అర్థం కాదు, అంటే గంటల లెక్కన సైకిళ్లు కిరాయికి ఇచ్చే దుకాణం. వెనక చక్రం మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబర్లు వేసిన పదకొండు సైకిళ్లు. వాటి పక్కన నీళ్ల తొట్టి, పంపు, పంక్చరు రబ్బరు కాలే వాసన. అవ్వ అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, తునికాకు కత్తిరిస్తూనే ఎవరు ఏ సైకిలు తీసుకుపోయారో బాపు కంటే బాగా గుర్తుపెట్టుకునేది. ఎండాకాలం సెలవుల్లో మా అన్న రాజన్న, వాడి జతగాళ్లు కాళ్లందని సైకిళ్లను కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ మోకాళ్లు చెక్కుకుంటుంటే, నేను గ్యాసునూనె గుడ్డతో తిరిగొచ్చిన సైకిళ్లు తుడిచేదాన్ని. ఆడపిల్లకు అది మంచి పని అని ఎవరు తేల్చారో నాకు తెలియదు.

ఆదివారాలు సైకిళ్లు ఎక్కువగా గాలం వేసేవాళ్లే తీసుకునేవారు. ఎక్కడికి పోతున్నారో మాత్రం చచ్చినా చెప్పరు. బయలుదేరినవాణ్ని ఎటు అని అడగడమే అపశకునం, గాలం పట్టుకున్నవాణ్ని అడిగితే ఇక చెప్పనక్కరలేదు, కర్ర గోడకు ఆనించి, ఇంట్లోకి పోయి కాసిని నీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవారు. కానీ మనిషి దాచింది సైకిలు దాచదు కదా. టైరు గాట్లలో ఎర్రమొరం ఉంటే గాంధారి దిక్కు పోయినట్టు. నల్లరేగడి ముద్దలు కట్టి మడ్‌గార్డుకు రాసుకుంటుంటే మహమ్మద్‌నగర్ దిక్కు. క్యారియరు మీద పొలుసులు అంటుకుని ఎండి ఉంటే చేపలు పడ్డట్టు, చిన్న పొలుసులైతే పరకలు, గోరంతవైతే బొచ్చెలు. గొలుసుకు పూసిన నల్లటి గ్రీజులో ఉసిళ్ల రెక్కలు అతుక్కుని ఉంటే ఆ దారిలో తొలివాన పడి ఉసిళ్లు లేచినట్టు, అంటే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నట్టు. అప్పుడు ఎర్ర, బెండు ఏమీ అక్కరలేదు. ఉసిల్లను గాలానికి గుచ్చి నీటి మీద తేలనిస్తే చాలు. ఇదంతా బాపు నేర్పిందే, కానీ తుడిచేది నేను కాబట్టి చూసేది నేను. సాయంత్రం బాపు పక్కన కూర్చుని ఒక్కో సైకిలు కబురు చెప్పేదాన్ని.

ఆ కబురు పట్టుకుని వచ్చే ఆదివారం పోయేది మాత్రం బాపు, అన్న. నేను రానా అంటే, "నువ్వు గాలం ముడితే చేప మూతి తిప్పుకుంటదే" అనేవాడు అన్న, అదేదో శాస్త్రంలో రాసినట్టు. వాళ్లు తెచ్చిన పరకలను అవ్వ బూడిదతో తోమి, చింతపులుసు పోసి, ఎల్లిగడ్డ కారం దట్టంగా వేసి వండితే ఆ వాసనకు వీధి కుక్కలు అరుగెక్కేవి. నేను రెండు ముద్దలు ఎక్కువే తినేదాన్ని. తినేదాన్ని కానీ కోపం పోయేది కాదు.

నా పదో ఏట, మిరుగం, అదే మృగశిర కార్తె, రెండు రోజులుందనగా గంగారాం కాక ఏడో నంబరు సైకిలు తెచ్చి వాకిట్లో వదిలిపోయాడు. మిరుగం నాడు మా దిక్కు ప్రతి ఇంట్లో చేప ఉడకాల్సిందే, అందుకని ఆ వారమంతా ఊరంతా నీళ్ల మీదే కన్ను. నేను గుడ్డ తీసుకుని కూర్చున్నాను. టైర్లకు రేగడి, గొలుసు నిండా రెక్కలు, క్యారియరు మీద గోరంత పొలుసులు! అన్నీ ఒకే సైకిలుకు అదివరకు ఎన్నడూ చూడలేదు. బాపును పిలుచుకొచ్చి చూపించాను. బాపు చాలాసేపు వంగి చూసి, నా నెత్తి మీద చెయ్యి వేశాడు.

"మహమ్మద్‌నగర్ కుంటనే బిడ్డా. ఈసారి నువ్వు గూడ రా. చేప తగులుడుతోనే కర్ర నీ చేతుల పెడ్త."

అవ్వ జొన్నరొట్టెలు మూటకట్టింది. ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారియరు మీద కర్రలు పట్టుకుని అన్న, తొక్కుతూ బాపు. దారి పొడుగునా పుట్టల దగ్గర ఉసిళ్లు రాలి ఉన్నాయి, డబ్బా నిండా ఏరాను. కుంటకు చేరేసరికి నీళ్లు మోకాలి లోతున్నాయి. బర్రెలు పడుకుని ఉన్నాయి. అయినా కూర్చున్నాం. బాపు కాసేపు, అన్న కాసేపు కర్ర పట్టారు. ఉసిల్ల నీటి మీద తిరిగి తిరిగి మునిగిపోయేది, నేను ఇంకొకటి అందించేదాన్ని. ఎండ నెత్తికెక్కింది, రొట్టెలు అయిపోయాయి. రెండుసార్లు అడిగాను, ఒక్కసారి ఇయ్యవా బాపూ అని.

"తగులనియ్యి బిడ్డా" అన్నాడు. తగల్లేదు.

తిరిగివస్తూ బాపు అంగడి దగ్గర సైకిలు ఆపి, చేపలమ్మే ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె ముగ్గురినీ, పొడి కర్రలనూ చూసి పకపకా నవ్వింది. "మొన్న గంగారాం గూడ గిట్లనే కొనుకపోయిండు. క్యారియర్‌కు కట్టిచ్చిన, పెండ్లానికి పట్టిన అని చెప్పుకుంటడట!"

గంగారాం కాక ఆ కుంటకు పోయినమాట నిజం, ఉసిళ్లు లేచినమాట నిజం, పొలుసులు మాత్రం అంగడివి. బాపు కూడా ఆమెతో కలిసి నవ్వాడు. బొచ్చెను క్యారియరుకు కట్టించుకుని, ఇంటికి పోయి, కర్ర విరుగుతుందేమో అనుకున్నానని అవ్వకు చేతులు తిప్పి చెప్పాడు. అన్న సాక్ష్యం పలికాడు. నేను మిరుగం కూర ముట్టలేదు, కడుపునొప్పి అన్నాను.

మళ్లీ మిరుగం నాటికి ఆడపిల్ల పెద్దదవుతోంది, కుంటలెమ్మట తిరగొద్దని అవ్వ అంది. బాపు, అన్న ఎప్పటిలాగే పోయారు. ఇంకొన్నేళ్లకు ఇంటింటికీ మోపెడ్లు వచ్చి సైకిళ్లు అడిగేవాళ్లు లేకపోయారు, పదకొండింటినీ పాతసామాను వాడు ఎత్తుకుపోయాడు. బాపు పోయి కూడా చాలా కాలమైంది. ఇప్పుడా చోట ఫోన్లకు గాజు అద్దాలు అంటించే దుకాణం ఉంది. నీళ్ల నుంచి వచ్చేవాళ్లు కార్లలో వస్తున్నారు, దారిలోనే నురగ కొట్టించి కడిగించుకుంటున్నారు. ఎవరు ఎక్కడికి పోయివచ్చారో చెప్పే మరక ఒక్కటీ మిగలడం లేదు.

ఏ కబురూ దొరక్కుండానే నిన్న ఆదివారం అన్న స్కూటీ మీద మహమ్మద్‌నగర్ దారి పట్టాం. అన్నకిప్పుడు అరవై రెండు, మోకాళ్లు వంగవు, వస్తానన్నదే గొప్ప. నీళ్లు ఉన్నాయి. నేను కర్ర పట్టుకుని కూర్చున్నాను. నేననుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. గంట గడిచింది, రెండు గడిచాయి, స్ట్రాబెర్రీని ఏ చేపా వాసన చూడలేదు. నాకు చేప మీద కోపం రాలేదు, బాపు మీద వచ్చింది. ఆ రోజంతా ఏమీ తగలని కర్రే కదా, ఒక్క పది నిమిషాలు నా చేతికిస్తే ఏం పోయేది? అడగడానికి మనిషి లేడు. ఒడ్డున కూర్చుని, యాభై ఎనిమిదేళ్లదాన్ని, కళ్లు తుడుచుకున్నాను.

అన్న లేచి, పాంటు దులుపుకుని, నా వైపు చెయ్యి చాపాడు.

"ఏం పడుతలేవు గని, ఇటియ్యే, నేను జూస్త."

"నేనియ్య" అన్నాను.