వెనక సీటు కింద వాసన

అది 2022 మార్చి. నూజివీడు మామిడి తోటల్లో పిందె నిలిచి, ఎటు చూసినా పురుగుమందు కొడుతున్న రోజులు. అప్పటికి పదిహేనేళ్లుగా చాట్రాయి రోడ్డు మీద నాకు కార్ల షెడ్డు ఉంది. ఫ్యూయల్ పంపు మార్చడం నాకు మంచినీళ్లు తాగినంత తేలిక అని చెప్పుకునేవాడిని. పొగరే, కాదనను.

ఆనందరావు మాస్టారు రిటైరైన సైన్సు టీచరు. ఆయన భార్య రాహేలమ్మ గారికి వారానికి రెండుసార్లు విజయవాడలో డయాలసిస్. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిడ వాళ్ల కారు వెనక సీట్లో పడుకునేది. ఆ కారు ఆగితే ఆవిడ ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే పంపు పోయిన రోజు గంటన్నరలో కొత్తది బిగించి పంపాను.

పంపు ట్యాంకులో మునిగి ఉండి ఇంజనుకు పెట్రోలు తోస్తుంది. వెనక సీటు లేపితే దాని మూత కనిపిస్తుంది. పైపు చివర క్విక్ కనెక్టర్ అనే ప్లాస్టిక్ జాయింటు, దాని లోపల రెండు చిన్న లాకులు ఉంటాయి. వాటిని వదిలించడానికి డిస్‌కనెక్ట్ టూల్ అని విరిగిన చేతిగాజు లాంటి రింగు దొరుకుతుంది. నేనెప్పుడూ కొనలేదు. స్క్రూడ్రైవర్ మొనతో ఎగదోస్తే ఊడి వచ్చేది కదా!

మూడు వారాలకి మాస్టారు వచ్చారు.

"శీనూ, మా ఆవిడ కారులో పెట్రోలు వాసనంటోందయ్యా. నాకేమో తెలియట్లేదు."

డిక్కీ తెరిచాను. తోటకి తీసుకెళ్లే స్ప్రేయరు, మూత వదులైన పురుగుమందు డబ్బా ఉన్నాయి. ఆ మందులూ కాస్త పెట్రోలు కంపే కొడతాయి. మా వైపు ప్రతి కారులోనూ ఆ సీజన్లో అదే వాసన.

"ఇదిగోనండీ మీ పెట్రోలు!" అని నవ్వాను. ఆయనా నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

వారం తర్వాత మాస్టారి ఫోను. "ఆ డబ్బా తీసేసినా వాసనంటోంది. నేనే విప్పుతున్నాను. ఒకసారి వచ్చి చూడవయ్యా."

మాస్టారు మెకానిక్ అయ్యారే అనుకుంటూ బండి తీశాను. వాళ్లింటికి వెళ్లేసరికి వెనక సీటు అరుగు మీద ఉంది. పక్కన కుర్చీలో రాహేలమ్మ గారు. ఆయన పంపు ఫ్యూజు పీకి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి, పైపులో ప్రెషరు దించేశారు. బ్యాటరీ వైరూ తీశారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన టూల్ జాయింటులోకి మెల్లగా నొక్కారు. పైపు కిక్కురుమనకుండా చేతిలోకి వచ్చింది.

లోపల ఒక లాకు సగమే ఉంది. పక్కన స్క్రూడ్రైవర్ గాటు. చుట్టూ రేకు పెట్రోలుతో తడిగా ఉంది.

"ఇది ఇప్పుడు విరిగింది కాదుగా?" అన్నారు మాస్టారు.

"కాదండీ. ఆ రోజు నేనే విరగ్గొట్టాను."

 ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. సరిగ్గా ఆ మూత మీదే ఆవిడ పడుకునేది.

"నాలిక్కి రుచి పోయింది గానీ బాబూ, ముక్కు బాగానే ఉంది. ఆయనకీ చెప్పాను, నీకూ చెప్పించాను," అంది రాహేలమ్మ గారు.

మాస్టారు తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తెల్లారితే డయాలసిస్. నూజివీడు వెళ్లి కొత్త పైపు తెచ్చాను. బిగించబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు చెప్పు, నేను చేస్తాను."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పాను. టక్కుమని లాకు పడింది. ఫ్యూజూ, బ్యాటరీ వైరూ తగిలించి ఇంజను నడిపి, జాయింటు చుట్టూ తెల్లగుడ్డతో తుడిచి చూశాం. పొడిగా ఉంది. సీటు బిగించాక తాళం ఆయనకివ్వబోయాను.

"ఆగు బాబూ. నా చోట కాసేపు పడుకుని చెప్పు," అంది రాహేలమ్మ గారు.

పదిహేనేళ్లలో నేను బాగుచేసిన ఏ కారులోనూ వెనక కూర్చోలేదు. కాళ్లు ముడుచుకుని పడుకున్నాను. మాస్టారు చాట్రాయి సెంటరు దాకా నడిపి తీసుకొచ్చారు. ఏ వాసనా రాలేదు. దిగాక ఆవిడతో ఆ మాటే చెప్పాను.

"అయితే రేపు వెళ్తాను," అంది.

ఆ టూల్ సెట్టు మర్నాడే నేనూ తెప్పించుకున్నాను. కానీ ఆ కేసు నేర్పింది అది కాదు. ఇప్పుడు ఏ కారైనా సరే, తాళం ఇచ్చేముందు వెనక సీట్లో ఐదు నిమిషాలు కూర్చుంటాను.