కూజా మొక్కల పది రోజులు

నా చిన్నప్పుడు మా బజారులో నన్ను మించిన బేరగత్తె లేదు. పదకొండేళ్లకే ఎండతో బేరమాడి, పది రోజుల పనిని మూడు రోజులకు దించినదాన్ని. నిజామాబాద్‌లో ఆ ఘనత ఇంకెవరికైనా ఉంటే చెప్పండి.

మాది కిరాణా దుకాణం. ఎవరు ఏ ధర చెప్పినా అది అసలు ధర కాదని, సగం నుంచి మొదలుపెట్టాలని నాకు ఉగ్గుపాలతోనే అబ్బింది.

పక్కింటి అక్క డిగ్రీ చదువుతూ, మిగిలిన వేళల్లో వాళ్ల అవ్వతో కలిసి బీడీలు చుట్టేది. మొక్కల పాఠం చెప్పే సారు ఆమెకు మూడు కూజా మొక్కలు పెంచమని ఇచ్చారు. అరచేతిలో పట్టేంత పిల్ల మొక్కలు. ఆకు కొస దారంలా సాగి, దాని చివర మూతతో సహా ఒక బుల్లి కూజా వేలాడేది. అందులో పడిన చీమ మళ్లీ బయటికి రాదు. కాలేజీ తెరిచేనాటికి మూడూ నిలబడితే కాలేజీ తోటలో పని ఇప్పిస్తానని, ఆ జీతంతో పైచదువు చదువుకోవచ్చని సారు మాట ఇచ్చారు. ఎండాకాలమంతా అక్క వాటిని స్నానాల గది మూలన తడి గోనెసంచుల మధ్య కాపాడింది. బోరునీళ్లు పడవని, గోలెంలో దాచిన వాననీళ్లే పోసేది.

మిరుగం కార్తె వచ్చి తొలివాన పడ్డాక వాటిని బయటి వెలుతురుకు అలవాటు చేయాలి. సరిగ్గా అప్పుడే బోధన్‌లో వాళ్ల బాపుకు జ్వరమని కబురొచ్చింది. వెళ్తూ వెళ్తూ మొక్కలను నాకు అప్పగించింది. మొదటి రోజు పొద్దున ఒక గంట, తర్వాత రోజుకో గంట ఎక్కువ.

"పది దినాలు, చెల్లె. ఒక్కటి గూడ తగ్గియ్యకు" అన్నది.

తగ్గించొద్దన్నారంటే తగ్గుతుందనే మా దుకాణంలో అర్థం. పదిని మనసులోనే ఐదు చేసి, మూడుకు ఖాయం చేసుకున్నాను. రెండు రోజులు మబ్బు పట్టి ఉండటంతో నా బేరం కుదిరిందనే అనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే మూడు కుండీలూ పెరట్లో పెట్టి దుకాణానికి పోయాను. ఆ రోజు మబ్బు విడిపోయింది. వాన వెలిసిన తర్వాతి ఎండ ఎంత చురుక్కుమంటుందో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. తిరిగొచ్చేసరికి రెండు మొక్కల ఆకులు అప్పడాల్లా వేగిపోయి ఉన్నాయి. మూడోది బతకడం నా గొప్పేమీ కాదు. బట్టలుతికే బండ నీడ దానిమీద పడింది.

అక్క తిరిగొచ్చాక, ఈసారి ఎండలే అట్లున్నాయని చెప్పబోయాను. చెడ్డ సరుకు అమ్మినవాళ్లు చెప్పే మాటే అది. ఆమె మట్టిని వేలితో తాకి చూసింది. బీడీ ఆకు కోసే కత్తెరతో మాడిన ఆకులు ఒక్కొక్కటే తీసింది. ఆఖరి ఆకు తీసి పక్కన పెట్టి అన్నది:

"పది దినాలంటే నేను చెప్పిన ధర కాదు, చెల్లె. ఆకుకు గంత పడ్తది."

మర్నాడు పొద్దున గోడ మీంచి నన్ను పిలిచి, మిగిలిన మొక్కను నా చేతికే ఇచ్చింది. మళ్లీ ఒకటో రోజు నుంచి. నేను కుండీని గంటల లెక్కన వెలుతురులో పెట్టి నీడలో కూర్చుంటే ఆమె పక్కనే బీడీలు చుట్టుకునేది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే హిసాబు అక్కడితో చెల్లిపోయిందని సంతోషంగా ఇంటికి పోయేదాన్నేమో. పదో రోజుకు కొత్త ఆకు కొసన గోరంత కూజా మూత తెరిచింది.

సారు దగ్గరికి అక్క వెంట ఆ కుండీని నేనే మోసుకెళ్లాను. మిగతా రెండూ ఏమయ్యాయని ఆయన అడిగారు. నేనే మాడ్చానన్న మాట నా నోట్లో సిద్ధంగానే ఉంది. అంతలో అక్క, "నేను ఊరికి పోయిన సార్. తప్పు నాదే" అన్నది. నేను కుండీ వైపే చూస్తూ నిలబడ్డాను.

తోటపని వేరేవాళ్లకు పోయింది. అక్క ఇంకో ఏడాది బీడీలు చుట్టి, ఆ తర్వాతే పైచదువుకు పోగలిగింది.

ఇప్పటికీ కూరగాయల దగ్గర నుంచి కొత్తిమీర కొసరు దాకా నేను బేరమాడని వస్తువు లేదు. కానీ డాక్టరు పది రోజులు మాత్రలు వేసుకోమంటే పదీ వేసుకుంటాను. విత్తనాలమ్మే ముసలమ్మ వారం ఆగమంటే వారం ఆగుతాను.

ఇక ఆఖరి లెక్క. మొక్కలు మూడు, నా బేరంలో పోయినవి రెండు. మిగిలిన ఒక్కటీ బండ నీడకూ అక్క ఓపికకూ జమ. నా ఖర్చులో అక్క జీవితంలోని ఒక సంవత్సరం, ఆ రోజు సారు ముందు నేను చెప్పని ఒక్క మాట. ఇందులో తగ్గింపు లేదు.