నర్సమ్మ బండికి కనపడని బీగం

2008 ఎండాకాలం. చిత్తూరు బజారువీధిలో నాది బీగాల కొట్టు. మా వైపు తాళాన్ని బీగం అంటాం. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని, ఆకురాయితో తాళంచెవులు రాస్తున్నాను. నాకు కోపమెక్కువని వీధంతా అంటారు. నిజమే. బీరువా తాళంచెవి పోగొట్టుకుని వచ్చి "పాత చెవి మాదిరే చేసియ్యన్నా" అంటారు. పాతది ఏదయ్యా అంటే "అదే గదన్నా పోయిండేది" అంటారు. ఇలాంటివాళ్లతో రోజూ వేగితే ఎంత శాంతస్వరూపుడైనా నాలాగే తయారవుతాడు.

ఆ రోజుల్లోనే మా ఊళ్లోకి కరెంటు స్కూటర్లు దిగాయి. లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు, పెట్రోలు అసలే అక్కర్లేదు. కానీ నంబరు లేని బండి పోతే ఏమని కంప్లయింటు ఇస్తారు? అందుకని కొన్నవాళ్లంతా కొబ్బరికాయ కొట్టి నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాడికీ డిస్క్ లాక్ కావాలి. అది ముందు చక్రం బ్రేకు పళ్లేనికి బిగించే చిన్న తాళం. ఈ బండ్లకు ఆ పళ్లెమే ఉండదు, డ్రమ్ము బ్రేకు. ఇంకొకాయన వెనక చక్రానికి గొలుసు వేస్తానంటాడు. వెనక చక్రం మధ్యలో హబ్ మోటార్ ఉంటుంది, అంటే చక్రంలోనే మోటారు. దాని వైరు బయటికి వస్తుంది. గొలుసు తగులుకుని ఆ వైరు తెగిందంటే దొంగ అక్కర్లేదు, మనమే బండిని పాడుచేసుకున్నట్టు. ఇదంతా చెప్పీ చెప్పీ నా గొంతు ఎండిపోయేది.

అలాంటి ఒక మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చింది. బంగారుపాళ్యం దారిలో ఒక పల్లె ఆమెది. ఆరోగ్య ఉపకేంద్రంలో కాంట్రాక్టు నర్సు. వారానికి రెండు రోజులు టీకా మందును ఐసు పెట్టెలో పెట్టుకుని పల్లెలు తిరగాలి. బస్సుల కోసం పడిగాపులు పడలేక ఈ బండి కొనుక్కుంది. ముందు చక్రానికి వేసే మంచి గొలుసు తాళం ఇచ్చాను.

ఆమె గొలుసును చేతిలో ఎత్తి చూసింది. "అన్నా, ఇది ఏసేటప్పుడు సప్పుడొస్తాదా?"

"గొలుసంటే సప్పుడు రాకుండా యట్లుంటాదమ్మా? తీసుకోని పో" అన్నాను.

మూడో రోజు గొలుసు వెనక్కి వచ్చింది. "ఇది అందరికీ కనపడతా ఉండాదన్నా" అంది.

నాకు తిక్కరేగింది. బీగం చేసే పనిలో సగం కనపడటమే. దొంగ దాన్ని చూసే పక్క బండి దగ్గరికి పోతాడు. ఆ మాటే చెప్పాను. ఆమె తలూపింది గానీ గొలుసును మాత్రం ముట్టుకోలేదు. సరేనని సన్నటి కేబుల్ లాక్ ఇచ్చాను. ఇనప తీగకు ప్లాస్టిక్కు తొడుగు, చెవి అక్కర్లేదు, నాలుగంకెలు తిప్పితే తెరుచుకుంటుంది. వారం తిరక్కుండా అదీ వచ్చింది.

"ఇదేమైందమ్మా?"

"నంబరు అడిగినారన్నా. చెప్పేసినాను."

"ఎవురడిగినారు?"

"ఇంట్లోనే."

"అడిగినోళ్లకంతా చెప్పేదానికి బీగమెందుకమ్మా? తలుపు తీసి పెట్టి, రండి నాయనా అని పిలవరాదా!"

ఆమె కేబులును బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం కొట్లో వేరే జనం వెళ్లిపోయేదాకా పక్కన నిలబడింది. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, బీగమున్నట్టే తెలీకుండా ఉండే బీగమేదన్నా ఉందా?" అంది.

అంతే, నాకు పిచ్చి కోపమొచ్చింది. "సప్పుడు రాకూడదు, కనపడకూడదు, ఉన్నట్టే తెలీకూడదు. నీకు బీగం గాదమ్మా కావాల్సింది, తాయెత్తు! యాడైనా కట్టించుకోపో. నా ప్రాణం తీయబాక" అన్నాను. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆమె ముఖం చిన్నబోయింది. బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఒక బుధవారం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గోదాము తాళం ఇరుక్కుపోయిందని కబురొస్తే మోపెడ్ మీద బంగారుపాళ్యం బయల్దేరాను. ఎండ పెళపెళలాడుతోంది. దారిలో సుగుణమ్మ బండి తోసుకుంటూ పోతోంది. కాళ్లు పెట్టుకునే చోట టీకాల పెట్టె. చీర చెమటకు తడిసి ముద్దయింది. చూసీ చూడనట్టు పోదామనుకున్నాను. మనసొప్పలేదు.

"చార్జింగు అయిపోయిందన్నా. ఆ పల్లెలో బిడ్డలనెత్తుకోని తల్లులు కాసుకోనుండారు. ఐసు కరిగితే మందు పనికిరాదు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, ఏడ్చే ఓపిక కూడా లేదు. "పోయిన వారం గూడా ఇట్లే. ఇప్పటికి రెండు మెమోలిచ్చినారు. ఇంకొకటి వస్తే తీసేస్తారు. మా ఇంట్లో జీతం నాదొక్కటే."

బండిని దగ్గర్లోని ఒక ఇంటి ముందు నిలిపించి, ఆమెను, పెట్టెను నా మోపెడ్ ఎక్కించుకున్నాను. అక్కడ ఫ్యాక్టరీవాళ్లు నన్ను తిట్టుకుంటూ ఉంటారని తెలుసు. తిట్టుకోనీ. దారిలో వెనకనుంచి ఆమె అసలు సంగతి చెప్పింది.

ఆమె మరిది రోజూ తెల్లారి లేచి ఆ బండి మీద పాలకేంద్రానికి పోతాడు. అక్కణ్నుంచి టీ అంగడికి, అక్కణ్నుంచి మడి దగ్గరికి. బండి తిరిగొచ్చేసరికి చార్జింగు సగానికి పడిపోయి ఉంటుంది. మళ్లీ నిండాలంటే ఏడెనిమిది గంటలు కావాలి. ఆమె డ్యూటీకి అంత వ్యవధి ఎక్కడిది?

"చెప్పి సూడలేదా?"

"ఒకసారి చెప్పినా. 'చార్జింగే గదా వదినా, పెట్రోలా ఏమన్నానా' అని నవ్వినాడు. ఇంగ యట్లా చెప్పేది?"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!" అన్నాను.

"ఆ మాట అనొద్దన్నా!" అని గట్టిగా కసిరింది. "మా ఆయన మిద్దె మీదనుంచి పడితే, భుజాన ఎత్తుకోని పుత్తూరికి పోయి ఎముకల కట్టు కట్టించింది వాడే. మూన్నెల్లు స్నానం చేయించింది వాడే. అట్లాంటోని కండ్ల ముందర గొలుసేసి బీగమేస్తే, వాణ్ని దొంగా అన్నట్టే గదా. ఇంట్లో ఇంగ కూడు సహిస్తాదా?"

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. నాలుగు వారాలుగా నేను రోడ్డు మీది దొంగకు బీగం ఇస్తున్నాను. ఆమె అడుగుతున్నది ఇంటి మనిషికి. అతని మనసు నొప్పించకుండా బండిని ఆపే బీగం.

పల్లె చేరి పెట్టె తెరిచింది. ఐసు ఇంకా గట్టిగానే ఉంది. "బతికినామన్నా" అని గబగబా తల్లుల దగ్గరికి వెళ్లింది.

మరునాడు ఆమె బండి నా కొట్టు ముందుంది. సీటు కింద ఎంసీబీ అనే చిన్న స్విచ్చు ఉంటుంది. ఇళ్లల్లో మీటరు పక్కన ఉండేలాంటిదే. దాన్ని కిందికి దించితే బండికి ప్రాణం ఉండదు, చార్జింగు మాత్రం ఎక్కుతుంది. ఎక్కుతుందో లేదో ప్లగ్గు పెట్టి చూసుకున్నాను. అయితే సీటు కూడా బండి చెవితోనే తెరుచుకుంటుంది. ఆ చెవి ఇంట్లో మేకుకు అందరికీ అందేలా వేలాడుతుంటుంది. అందుకని సీటుకున్న తాళం పీకి, అదే సైజు క్యామ్ లాక్ బిగించాను. టేబుల్ సొరుగులకు వేసే గుండ్రటి తాళం అది. పైకి ఏమీ మారలేదు. దాని చెవి మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. రాత్రి స్విచ్చు దించి, డ్యూటీకి పోయేటప్పుడు ఎత్తుకుంటే చాలు. సుగుణమ్మ సీటు నాలుగుసార్లు ఎత్తి, దించి చూసుకుంది. మొదటిసారి నా కొట్లో నవ్వింది.

కథ ఇక్కడితో ఆపితే నేను గొప్పవాణ్నే. కానీ పది రోజులకు ఒకతను ఆ బండిని చెమటలు కక్కుతూ తోసుకొచ్చాడు. ఆమె మరిది.

"అన్నా, మా వదిన బండికి ఏందో అయింది. తెల్లారి నేను తిప్పితే కదల్దు, ఆమె తిప్పితే పోతాది. దోవలో నిలిచిపోతే ఆమె ఉద్యోగం పోతాదబ్బా. మెకానిక్కు యాడా దొరకలా. సీటు చెవి గూడా పట్టడంలేదు, నువ్వు తెరిచిస్తావని వచ్చినా" అంటూనే, నా బల్ల మీది స్క్రూడ్రైవరు తీసి సీటు సందులో దూర్చి ఎత్తబోయాడు.

"ఎత్తబాక!" అని అరిచాను. "కష్టపడి వేసిందాన్ని పీకేస్తావా? అది నీకోసమే వేయించింది మీ వదిన!"

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

అతను స్క్రూడ్రైవరు మెల్లగా బల్ల మీద పెట్టాడు. చార్జింగు లెక్కంతా చెప్పాను, మెమోల సంగతి చెప్పాను, ఆమె నిన్నొక్క మాట అననివ్వలేదయ్యా అని కూడా చెప్పాను. అన్నీ విన్నాడు. "చార్జింగు గూడా అట్లా అయిపోతాదని నాకు తెలీదన్నా. ఆయమ్మ నాతో ఒక్క మాట గట్టిగా చెప్పుంటే సాలు. బీగమేసింది" అన్నాడు. ఎండలోనే బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ శనివారం సుగుణమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బండి బాగుండాదన్నా. మెమో రాలేదు" అంది. "మావాడు పాత సైకిలొకటి కొనుక్కున్నాడు. నా బండి పక్కన గూడా నడవడంలేదు. కూడు పెడితే తింటాడు, వదినా అని మాత్రం పిలవడంలేదు."

నేను తలెత్తలేకపోయాను. తప్పయిందమ్మా అన్నాను. ఆమె గోడకు వేలాడుతున్న గొలుసులు, కేబుళ్లు, కప్పతాళాలు అన్నీ ఒకసారి కలియజూసింది.

"నీ కొట్లో ఇన్ని బీగాలుండాయి గదన్నా. నీ నోటికొకటి ఏసుకోకపోతివే" అంది.

ఆ తర్వాత ఎవరు ఏ బండి తెచ్చినా, ఏ తాళం కావాలని ముందుగా అడగడం మానేశాను. ఎవరినుంచి కాపాడుకోవాలమ్మా అని అడుగుతాను. చెబితే వింటాను, చెప్పకపోతే గుచ్చి అడగను. విన్నది కొట్టు దాటనివ్వను. మొన్నామధ్య ఒకాయన వచ్చి, మా అమ్మ పెట్టెకు కొత్త బీగం నువ్వే వేశావట, ఎందుకు వేయించుకుందని అడిగాడు. రోజుకు ఎన్నో వేస్తుంటాను, గుర్తులేదు నాయనా అన్నాను. అతను ఎంత గదమాయించినా నాకు కోపం రాలేదు.