నీళ్లకన్నా ముందు చేరాలని

1969లో తెలంగాణ ఉద్యమం వేడికి కాలేజీలు మూతపడ్డప్పుడు, జనగామలో సోమయ్య తన కొడుకు పురుషోత్తాన్ని బట్టల కొట్లో కూర్చోబెట్టాడు. ఊరేగింపులో లాఠీ దెబ్బ తిని వచ్చినవాడు అక్కడైనా కుదురుకుంటాడనుకున్నాడు. పురుషోత్తం గుడ్డ కొలుస్తూనే బజారులోకి చూసేవాడు. డిగ్రీ చేతికి రాగానే, అంతవరకు సముద్రమే చూడనివాడు నౌకాదళంలో అధికారిగా చేరాడు.

విశాఖపట్నంలో తోటి తెలుగువాళ్లు అతని యాసకు నవ్వేవారు. అతను మాట తగ్గించుకున్నాడు.

1977 ఉప్పెన తర్వాత సహాయ పనులకు అతన్ని దివిసీమకు పంపారు. చెట్టు పట్టుకుని బతికిన ఒక ముసలాయన్ని పడవలోకి ఎక్కిస్తూ, "ముందే ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు.

"రేడియోలో చెప్పారు బాబూ. రేడియో మాట విని ఇల్లొదిలి ఎవరు పోతారు?"

ఆ జవాబు అతన్ని ఓడలో నిలవనీయలేదు. రెండేళ్లకు నౌకాదళం వదిలి, హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో వరద విశ్లేషకుడయ్యాడు. ఎగువన పడ్డ వానను, నది మట్టాన్ని బట్టి నీళ్లు ఏ ఊరికి ఎప్పుడు చేరతాయో అంచనా కట్టి పైవాళ్లకు చెప్పడం అతని పని. మబ్బు పడితే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

"మీకు ఏడ కూసున్నా నిమ్మళం లేదు," అనేది భార్య సునంద.

1983లో అతని అంచనా తప్పింది. కాటారం అవతల, గోదావరి ఒడ్డున ఉన్న ఒక పల్లెకు అధికారులు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి ఖాళీ చేయించారు. నది గట్టు దాటనే లేదు. 1986 ఆగస్టులో మళ్లీ అదే పల్లె మునుగుతుందని అతని లెక్క తేల్చింది.

"కబురు పంపాం కదండీ, ఇక మన పని అయిపోయింది," అన్నాడు పై అధికారి.

పురుషోత్తం సెలవైనా అడగకుండా బస్సెక్కాడు.

పల్లెలో ఎవరూ కదల్లేదు. ఓదెమ్మ అనే ముసలామె అతన్ని గుర్తుపట్టింది.

"అప్పుడు గూడ గిట్లనే చెప్పి గుట్టెక్కిచ్చినవు గద నాయినా! మా నాట్లు ఆగమైనయి."

"అప్పుడు నా లెక్క తప్పింది అవ్వా. ఈసారి గూడ తప్పొచ్చు. మీరు కదిలేదాక నేను గీడనే ఉంట," అని ఆమె అరుగు మీద కూర్చున్నాడు.

ఓదెమ్మ వాన వైపు చూసింది, అతని వైపు చూసింది. "మా కోసం నువ్వెందుకు సస్తవు బిడ్డా?" అంటూ మూట కట్టుకుని బయలుదేరింది. ఆమె వెనక పల్లె కదిలింది.

సాయంత్రానికి నది ఊళ్లోకి వచ్చింది. గుట్ట మీద నుంచి చూస్తుండగానే ఇళ్లు కూలాయి. మనుషులంతా దక్కారు. కానీ సాంబయ్య అనే రైతు పురుషోత్తం చొక్కా పట్టుకున్నాడు.

"పలుపులు ఇప్పి పొమ్మని జర ఒక్క మాట చెప్పకపోతివి! ఎడ్లు కట్టేసినకాడనే సచ్చినయి సారూ!"

ఆ ఎడ్ల సంగతి పురుషోత్తానికి తోచనే లేదు.

అనుమతి లేకుండా వెళ్లినందుకు కార్యాలయం అతన్ని సంజాయిషీ అడిగింది, ఆ ఏడు జీతం పెంపు ఆపేసింది. అయినా ఆ తర్వాత ప్రతి వానాకాలం అతను ఒడ్డు పల్లెలకు తానే వెళ్లేవాడు. ఏ ఊరికి పోయినా ముందు పశువుల కొట్టాల దగ్గరికి నడిచేవాడు.