నేలను తట్టి చూసే ఏనుగు

బొమ్మల సినిమాలంటే పిల్లల కాలక్షేపమని నేను చాలాకాలం అనుకున్నాను. గనిలో సర్వే పని చేసి రిటైరైనవాణ్ణి. కొలతకు అందని దాని మీద నాకు నమ్మకం తక్కువ. గీసిన బొమ్మ నడిస్తే అందులో చూసేదేముంది అనేవాణ్ణి. ఇప్పుడలా అనను.

పోయిన వానాకాలం నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. "ఎంతవరకు అర్థమవుతుందో చెప్పలేం" అన్నాడు కరీంనగర్ డాక్టరు. మందమర్రికి తీసుకొచ్చి ముందుగదిలో టీవీకి ఎదురుగా మంచం వేశాం. ఎవరేమన్నా అలా చూస్తూ ఉండేది. మెల్లగా ఆమె ఎదుటే, ఆమె లేనట్టు మాట్లాడుకోవడం మాకు అలవాటైంది. డైరీలో రోజూ ఆమె మందులు, జ్వరం, తిన్న తిండి రాసేవాణ్ణి. అంతకుమించి రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆమె తమ్ముడు సుల్తానాబాద్ నుంచి వచ్చాడు. మంచం పక్కనే కుర్చీ వేసుకుని సంగతి ఎత్తాడు.

"బావా, ఆడ మా అవ్వబాపుల సమాధుల పక్కన జాగ ఉంది. పాస్టరు గారితోటి మాట్లాడిన. అక్కను ఆడికే తేవాలె."

మా కొడుకు ఒప్పుకోలేదు. "గంత దూరం ఎవలు పోయి చూస్తరు మామా? ఈడి సమాధుల తోటల ఉంటే పండుగకన్న ఓ పువ్వు పెడ్తం."

"ఏడాదికో పువ్వు పెట్టెటందుకు గింత పంచాయితీనా?"

"నువ్వు మీ బాపు సమాధి మీద గడ్డి పీకి ఎన్నేండ్లయింది మామా?"

ఇద్దరూ నా ముఖం చూశారు. "చూద్దాం" అన్నాను. ఆ సంగతే వాదించుకుంటూ వాళ్ళు చాయ్ గ్లాసులతో వాకిట్లోకి పోయారు.

రెండో తరగతి చదివే మనవరాలు టీవీలో ఏనుగుల బొమ్మల సినిమా పెట్టింది. అందులో మాటలే లేవు. ఒక ముసలి ఏనుగు అడవంతా తిరుగుతుంది. ఆగిన చోటల్లా కాలితో నేలను తట్టి చూసి ముందుకు పోతుంది. వెనుక ఒక పిల్ల ఏనుగు దాని తోక పట్టుకుని జారుతూ, బురదలో పడుతూ వస్తుంది.

"తాతా, గా ముసల్ది ఏం దేవులాడుతుంది?"

"పండుకునే జాగ."

మనవరాలు పిల్ల ఏనుగును చూసి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేలను తాకబోయే ముందు ఆ కాలు కాసేపు గాలిలో ఆగుతుంది. దాన్ని గీసినవాళ్ళెవరో ముసలితనాన్ని దగ్గరగా చూశారు. ఒకే బొమ్మలో ఆ పిల్లకొక సినిమా, నాకొక సినిమా.

చివరికి మందలోని ఏనుగులన్నీ ఒకచోట గడ్డి తొక్కి, చదును చేసి, ముసలిదాని కోసం వరుసగా నిలబడతాయి. అది వస్తుంది. ఆ చోటును చూస్తుంది. కాలైనా ఎత్తకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది.

ఎవరో గట్టిగా నవ్వారు. మనవరాలు కాదు. మంచం మీద నా భార్య, నోరు ఒక పక్కకే తెరుచుకుని నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

ఇన్ని నెలలూ మేం అన్నవన్నీ ఆమె విన్నది.

టీవీ ఆపి ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాను. "మేం మాట్లాడుకున్నది విన్నవా?"

చెయ్యి నొక్కింది.

"సుల్తానాబాదా?"

నొక్కలేదు.

"ఈడ మందమర్రిలనా?"

నొక్కలేదు.

"గా ముచ్చటే వద్దా ఇప్పుడు?"

గోళ్ళు దిగేలా నొక్కింది.

వాకిట్లోంచి కొడుకు వచ్చాడు. "బాపూ, ఏమనుకున్నవు మరి?"

"నన్నెందుకు? మీ అమ్మనడుగు" అన్నాను.

వాడు గడప దగ్గరే ఆగిపోయాడు. ఆమె వాడి వంకే చూస్తోంది.